వంశపారంపర్యమా, విధిలిఖితమా?

1895లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో ఆల్డ్రెడ్ వార్తిన్ అనే వ్యాధిశాస్త్ర నిపుణుడు ఉండేవాడు. ఆయన ఇంటికి కుట్టుపని చేసే స్త్రీ ఒకనాడు దిగులుగా ఉండగా కారణమడిగినాడు. తన వారిలో పలువురు కడుపులోనో, ప్రేగులలోనో, గర్భాశయంలోనో పుట్టిన క్యాన్సరుతో పోయినారనీ, తానూ చిన్నవయసులోనే అట్లే పోవలసినదాననీ ఆమె చెప్పినది. ఆమె మాటే నిజమైనది. గర్భాశయ క్యాన్సరు ఆమెను బలిగొన్నది. వార్తిన్ ఆ మాటను చదువులేని భయమని త్రోసిపుచ్చలేదు. ఆ కుటుంబపు వంశవృక్షాన్ని శ్రద్ధతో సేకరించి, 1913లో ప్రకటించినాడు.

1960ల దశకంలో హెన్రీ లించ్ అనే వైద్యుడు అటువంటి కుటుంబాలను మరికొన్నింటిని పరిశీలించి ఆ కృషిని ముందుకు సాగించినాడు. నేడు ఈ లక్షణ సముదాయానికి ఆయన పేరే నిలిచినది. 1993లో దీనికి మూలమైన జన్యువులలో మొదటిది దొరికినది.

ఆ జన్యువులు చేసే పని తెలుగు చదివినవారికి సులభంగా బోధపడుతుంది. పూర్వం తాళపత్ర గ్రంథానికి ప్రతి వ్రాసేటప్పుడు వ్రాయసకాని చేయి జారేది. మూలంతో సరిచూచి దిద్దే పండితుడుంటేనే పాఠం నిలిచేది. దేహంలో కణం రెండుగా చీలే ప్రతిసారీ జన్యులిపికి కొత్త ప్రతి తయారవుతుంది. ఆ ప్రతిలోని తప్పులను దిద్దే పండితుల వంటివి ఈ జన్యువులు. తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, ఇట్లు ప్రతి జన్యువుకూ రెండు ప్రతులుంటవి. ఈ కుటుంబాలలో కొందరికి పుట్టుకతో వచ్చేది ఒక ప్రతిలోని లోపం మాత్రమే. రెండవది పనిచేస్తున్నంతవరకు దిద్దుబాటు సాగుతూనే ఉంటుంది. ఏదో ఒక కణంలో అదీ చెడినప్పుడు తప్పులు పేరుకొని వ్యాధికి దారి ఏర్పడుతుంది. అనగా సంక్రమించేది వ్యాధి కాదు, దానికి లోబడే అవకాశం. ఆ లోపం ఒక్కొక్క బిడ్డకు చేరే అవకాశం సగపాలు. ఇచ్చేది తల్లియైనా తండ్రియైనా, పుచ్చుకొనేది కొడుకైనా కూతురైనా లెక్క ఒక్కటే.

తెలిసి ఏమి ప్రయోజనం, దినదినమూ కుమిలిపోవుట తప్ప అని కొందరంటారు. దీనికి ఫిన్లండు సమాధానం చెప్పినది. అచ్చట ఇటువంటి 22 కుటుంబాలకు చెందిన 252 మందిని 15 సంవత్సరాలు గమనించినారు. వారిలో 133 మంది మూడేండ్లకొకసారి పెద్దప్రేగు పరీక్ష చేయించుకొన్నారు. 119 మంది చేయించుకొనలేదు. 2000లో ఫలితాలు వెలువడినవి. మొదటివారిలో 8 మందికి, రెండవవారిలో 19 మందికి పెద్దప్రేగు క్యాన్సరు వచ్చినది. ఆ వ్యాధితో మొదటివారిలో ఒక్కరూ మరణించలేదు. రెండవవారిలో 9 మంది మరణించినారు. ఎవరు ఏ వర్గంలో ఉండవలెనో చీట్లు వేసి నిర్ణయించిన పరిశీలన కాదిది. అయినా ఇంతటి అంతరం త్రోసివేయరానిది. పరీక్షలో కనబడిన పిలకలను ముదరకముందే తొలగించుట వల్ల ఎన్నో ప్రాణాలు నిలిచినవి. వారసత్వం ఒకే తీరుది, ఫలితం వేరు.

ఇంతటి మేలుకు మూలం ఒక పేదరాలు నోరు విప్పి చెప్పిన మాట. తెలుగువారి ఇండ్లలో సంబంధం చూచేటప్పుడు అటు ఏడు తరాలు, ఇటు ఏడు తరాలు చూడాలంటారు. ఆ చూపుకు జడిసి, తాత ఏ జబ్బుతో పోయినాడో మనుమలకు చెప్పని కుటుంబాలు కలవు. పిల్ల పెండ్లికి అడ్డమని దాచిన మాట ఆ పిల్ల ప్రాణానికే ముప్పు కావచ్చును.

క్యాన్సరులలో వారసత్వం వల్ల కలిగేవి నూటికి ఐదు మొదలు పది వరకే. ఒకరికి వచ్చినంతమాత్రాన వంశానికంతకూ దోషం అంటగట్టుట అజ్ఞానం. అయితే రక్తసంబంధీకులలో పలువురికి, అందునా యాభై ఏండ్ల లోపున ఈ వ్యాధి వచ్చినప్పుడు ఆ సంగతి వైద్యునికి విన్నవించుట కుటుంబంలోని పెద్దల ధర్మం. తరాలు చూడవలసినది పిల్లలను కాపాడుకొనుటకు. అందుకు చెప్పేవారికి ధైర్యమూ, వినేవారికి సంస్కారమూ కావలెను.