కెమెరా తర్వాత, ముందు ఫిల్మ్ దొరుకుతుందో లేదో చూడండి

పోయిన ఉగాదికి అమ్మమ్మ వాళ్ల ఊరెళ్లినప్పుడు బీరువా పైన ఒక నల్ల డబ్బా దొరికింది. పోలరాయిడ్ 600. మావయ్య అమెరికా వెళ్లిన కొత్తలో, 1990ల చివర్లో తెచ్చాడట. తెచ్చుకున్న రెండు ప్యాకుల ఫిల్మ్ అయిపోయాక ఇక్కడెక్కడా దొరక్క అలా మూలన పడింది. "అది ఎప్పుడో పాడైపోయిందిరా" అంది అమ్మమ్మ. బ్యాటరీ మార్చి చూద్దామని తిప్పి తిప్పి చూశా. అసలు బ్యాటరీ పెట్టే చోటే లేదు!

ఈ కెమెరాలో నాకు బాగా నచ్చిన ఇంజినీరింగ్ అదే. బ్యాటరీ కెమెరాలో ఉండదు, ఫిల్మ్ ప్యాక్ అడుగున పల్చగా ఉంటుంది. ఫ్లాష్, ఫోటోని బయటికి నెట్టే మోటారు, అన్నీ దాని మీదే నడుస్తాయి. కొత్త ప్యాక్ పెట్టిన ప్రతిసారీ కొత్త బ్యాటరీ పెట్టినట్టే. ఖాళీ ప్యాక్ తీసేసి దాచారు కాబట్టి ఇన్నేళ్లయినా లోపల ఏదీ ఉబ్బలేదు, కారలేదు. మీ పాత ఫోన్‌ని అన్నేళ్లు డ్రాయర్‌లో పడేసి అప్పుడు ఆన్ చేసి చూడండి.

అయితే చిక్కు కూడా అక్కడే ఉంది. ఫిల్మ్ తయారీ ఆగితే కరెంటు కూడా ఆగినట్టే. 2008లో నిజంగానే ఆగింది. ఇన్‌స్టంట్ ఫిల్మ్ ఇక చేయమని పోలరాయిడ్ ప్రకటించింది. అప్పుడు ఇంపాజిబుల్ ప్రాజెక్ట్ అనే చిన్న కంపెనీ, నెదర్లాండ్స్‌లోని ఎన్‌షెడేలో చివరిగా మిగిలిన ఫ్యాక్టరీ మెషీన్లు కొనేసింది. మెషీన్లయితే వచ్చాయి కానీ పాత ఫార్ములాకి కావాల్సిన కెమికల్స్ చాలావరకు అప్పటికే దొరకట్లేదు. అంటే కోడ్ ఉంది, లైబ్రరీలు లేవు. దాదాపు మొదటి నుంచి రాసుకుని 2010లో ఫిల్మ్ బయటికి తెచ్చారు. 2017లో అదే కంపెనీ పోలరాయిడ్ ఒరిజినల్స్ అయింది, 2020 నుంచి పేరు మళ్లీ పోలరాయిడే.

అన్ని కెమెరాలకీ ఈ అదృష్టం లేదు. పోలరాయిడ్ స్పెక్ట్రాకి 2019లో ఫిల్మ్ ఆపేశారు. తీసిన ఫోటో పైపొర ఒలిచి చూసే పాత ల్యాండ్ కెమెరాలకి ఫుజీఫిల్మ్ ఎఫ్‌పీ-100సీ ఉండేది, దాన్ని 2016లో ఆపేశారు. ఇప్పుడు ఇన్‌స్టాలో "వింటేజ్, మింట్ కండిషన్" అని స్పెక్ట్రా పెట్టి అమ్ముతుంటే నాకు ఒళ్లు మండుతుంది. కెమెరా మింటే కావచ్చు, అందులో ఏం పెడతాం? షెల్ఫ్‌లో బొమ్మలా పెట్టుకోవడానికైతే మీ ఇష్టం. ఫోటోలు తీయడానికైతే ఎస్ఎక్స్-70, 600. ఈ రెండు రకాల దగ్గరే ఆగండి.

అది తెలిసి కూడా నేను తప్పు ప్యాక్ కొన్నా. డబ్బా మీద పోలరాయిడ్ అని ఉంది, కాస్త చవగ్గా ఉంది, వెంటనే ఆర్డర్ కొట్టేశా. అది ఐ-టైప్. కొత్త పోలరాయిడ్ కెమెరాల్లో ఛార్జింగ్ బ్యాటరీ ఉంటుంది కాబట్టి ఆ ప్యాక్‌లో బ్యాటరీ పెట్టరు. 600లో పెడితే ఉలుకూ పలుకూ లేదు. కెమెరా పోయిందనుకుని వారం రోజులు మొహం వేలాడేసుకున్నా. తర్వాత డబ్బా మీద చిన్నక్షరాలు చదివి, ఆ ప్యాక్‌ని కొత్త కెమెరా ఉన్న కొలీగ్‌కి ఇచ్చేసి, 600 అని రాసున్నది తెప్పించా. పెట్టి మూత వేయగానే గర్ర్‌మంటూ నల్ల కార్డు బయటికొచ్చింది. ఆ సౌండ్‌కి ఆఫీస్ పీజీలో నా రూమ్మేట్ ఉలిక్కిపడ్డాడు.

ఇక రేటు. షిప్పింగ్, కస్టమ్స్ కలిపి ప్యాక్ నాకు 2,400 పడింది. అందులో ఎనిమిదే షీట్లు, అంటే ఫోటోకి 300. ఒకప్పుడు పది వచ్చేవి. కెమెరా వెనక కౌంటర్ ఇప్పటికీ పది నుంచే లెక్క మొదలెడుతుంది కాబట్టి అది 2 చూపించిందంటే ప్యాక్ ఖాళీ అని అర్థం. ఈ బగ్‌కి ప్యాచ్ రాదు, మనమే గుర్తుపెట్టుకోవాలి.

"అంత డబ్బు పెట్టే బదులు ఇన్‌స్టాక్స్ కొనుక్కోవచ్చుగా" అని అడిగేవాళ్లకి నా సమాధానం: కొనుక్కోండి. పార్టీలకి, ట్రిప్పులకి అదే బెటర్. షీట్ చాలా చవక, రంగులు నమ్మకంగా వస్తాయి. 600 అలా కాదు. నాలుగడుగుల కంటే దగ్గరికెళ్తే బ్లర్, కాబట్టి సెల్ఫీ మర్చిపోండి. ఫోటో రాగానే వెలుతురు తగలకుండా బోర్లా పెట్టి పది పదిహేను నిమిషాలు ఆగాలి. సినిమాల్లోలా ఊపకూడదు. పైగా ఈ ఫిల్మ్‌కి 13 నుంచి 28 డిగ్రీల మధ్య వాతావరణం కావాలి. మన దగ్గర అది ఎన్ని నెలలుంటుందో మీకు తెలుసు.

నేను తీసుకెళ్లింది మే నెలలో. ప్యాక్‌ని ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె పక్కన దాచినా, బయట 40 దాటిన ఎండలో తీసినవన్నీ నారింజ రంగు తిరిగాయి. ఒకటి బ్లర్, ఒకదాంట్లో నా వేలు. చివరికి వరండాలో అమ్మమ్మని కూర్చోబెట్టి ఒకటి తీశా. బోర్లా పెట్టిన ఫోటో పక్కనే కూర్చుని "అయ్యిందా, అయ్యిందా" అని నాలుగుసార్లు అడిగింది. పసుపు నీళ్లలో ముంచినట్టుంది కానీ మొహం మాత్రం చక్కగా వచ్చింది. ఒకసారి స్కాన్ చేసి ఇస్తానన్నా వినలేదు. "నీ ఫోన్ నిండా ఉన్నాయిగా, ఇది నాది" అని తీసుకెళ్లి ట్రంకు పెట్టెలో పెట్టేసుకుంది. నిజమే, ఆవిడవి నా ఫోన్‌లో వందలున్నాయి. ఆవిడ దగ్గరున్నది కీప్యాడ్ ఫోన్.

ఆ సాయంత్రం, సెలవులకి వచ్చిన మావయ్యని పక్కన నిలబెట్టుకుని ఇద్దరికీ ఒకటి తీయమంది. చీర మార్చుకుని మరీ వచ్చింది. కౌంటర్ చూశా, 2 అని ఉంది. ధైర్యంగా బటన్ నొక్కా. ఏ సౌండూ రాలేదు.

ఫోన్‌తో తీసి ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాననుకోండి. మావయ్య జనవరిలో మళ్లీ వస్తున్నాడు. ఎండల్లో కొరియర్ వ్యాన్‌లో ఉడక్కుండా ప్యాక్ ఈసారి డిసెంబర్‌లోనే ఆర్డర్ పెడతా, అదీ రెండు.