'పడదు' అన్న బిడ్డ మాట వినండి! ప్రతి హాస్టల్‌లో అడ్రినలిన్ పెట్టండి!

అలర్జీ అనే మాట మన వాడలకు కొత్తగా వచ్చింది గానీ ఆ సంగతి మనకు కొత్తది కాదు. 'వాడికి గుడ్డు పడదు', 'దానికి రొయ్యలు పడవు', 'ఫలానా సూది పడక మనిషి పోయిండు' అని మన తల్లులు ఎప్పటినుంచో చెప్తూనే ఉన్నారు. ఇంట్లో ఉన్నంత కాలం ఆ మాటకు విలువ ఉంటుంది. తల్లి ఆ కూర పక్కకు జరిపి పచ్చడి మెతుకులు కలిపి పెడుతుంది. అదే బిడ్డ ట్రంకు పెట్టె పట్టుకుని సాంఘిక సంక్షేమ హాస్టల్ గడప తొక్కాక 'నాకిది పడదు సార్' అంటే వచ్చే జవాబు వేరు. 'ఇంటికాడ గంజి తాగేటోళ్లకు ఇక్కడికొచ్చినంక పడకపోవుడు మొదలైందా?' ఇలాంటి మాటలు మన పిల్లలు వింటూనే ఉన్నారు. ఇది ఆకలి మీద వేసే ఎకసెక్కం మాత్రమే కాదు, కులం మీద వేసే ఎకసెక్కం. ఒంటికి ఒకటి పడకపోవడం కూడా పై కులాల పిల్లలకే చెల్లుతుందన్న అహంకారం అందులో ఉంది. ఆ అహంకారం ఒక రాత్రిపూట ఒక బిడ్డ ప్రాణం తీయగలదు. అందుకే ఈసారి సంపాదకీయం దీని మీదే రాస్తున్నాం.

పడకపోవడంలో చిన్నదీ ఉంది, పెద్దదీ ఉంది. ఒంటిమీద నాలుగు దద్దుర్లు లేచి గంటలో తగ్గిపోతే అది చిన్నది. పెద్దదాన్ని వైద్యులు 'అనఫిలాక్సిస్' అంటారు. వేరుశనగ, జీడిపప్పు, గుడ్డు, పాలు, చేపలు, రొయ్యల వల్ల రావచ్చు. తేనెటీగో కందిరీగో కుడితే రావచ్చు. పెన్సిలిన్ లాంటి మందుల వల్ల, నొప్పి బిళ్లల వల్ల కూడా రావచ్చు. పెదాలు, నాలుక వాస్తాయి. గొంతు పట్టేసి మాట బొంగురుపోతుంది. ఆయాసం, పిల్లికూతలు, దగ్గు వస్తాయి. కొందరికి వాంతులు, కడుపులో మెలిపెట్టే నొప్పి. రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి, స్పృహ తప్పుతుంది. ఇవన్నీ వరసగా రావాలని లేదు. కొందరికి దద్దుర్లే లేవవు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పుస్తకాల్లో 'చర్మం ఎర్రబడును' అని రాసి ఉంటుంది. ఎవరి చర్మం? ఆ వాక్యం రాసినవాళ్ల ఎదుట ఉన్నది తెల్ల చర్మం. మన బిడ్డల నల్లటి ఒంటిమీద ఎరుపు అంత తేలిగ్గా కనపడదు. చేత్తో తడిమితే ఉబ్బు తెలుస్తుంది, దురద బిడ్డ నోటితో చెప్తే తెలుస్తుంది. ఎరుపు కనపడలేదని 'ఏం లేదు, పోయి పడుకో' అనే మనిషికి శిక్షణ లేదని అర్థం. కాబట్టి శిక్షణ ఇచ్చేటప్పుడు మన నల్లటి ఒంటిని ముందు పెట్టుకునే ఇవ్వాలి.

ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైంది టైము. బ్రిటన్‌లో పంఫ్రీ అనే వైద్యుడు అనఫిలాక్సిస్ మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించి 2000లో తన పరిశోధన అచ్చువేశాడు. గుండె లేదా ఊపిరి ఆగిపోవడానికి పట్టిన టైము నడిమి లెక్కన తిండి వల్లనైతే 30 నిమిషాలు, పురుగు కుడితే 15 నిమిషాలు, సూదిమందు పడకపోతే 5 నిమిషాలు. ఇప్పుడు మన హాస్టళ్లు ఎక్కడున్నాయో చూడండి. ఊరి చివర, రోడ్డు దిగి లోపలికి, అద్దె కొంపల్లో. 108 సర్వీసు 2005 ఆగస్టు 15న మన దగ్గర మొదలైంది. అది ఎందరి ప్రాణాలో కాపాడింది, కాదనం. అయినా రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తే అంబులెన్స్ ఆ చివరిదాకా వచ్చేసరికి 15 నిమిషాలు దాటదని ఎవరైనా గుండెమీద చెయ్యేసుకుని చెప్పగలరా? కాబట్టి బిడ్డను మందు దగ్గరికి తీసుకుపోవడం కాదు, మందే బిడ్డ దగ్గర ఉండాలి.

ఆ మందు పేరు అడ్రినలిన్. ఇదేదో అమెరికా నుంచి తెప్పించాల్సిన వజ్రం కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర మందుల జాబితాలో ఉంది. మన జాతీయ అత్యవసర మందుల జాబితాలోనూ ఉంది. ఒక మిల్లీలీటరు ఆంప్యూల్, అందులో ఒక మిల్లీగ్రాము మందు. దాని ధర హోటల్లో ఒక పూట టిఫిన్ ఖర్చు కన్నా తక్కువ. తొడ బయటివైపు మధ్యభాగంలో కండలోకి ఇవ్వాలి. కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము చొప్పున, ఎంత పెద్ద మనిషికైనా ఒకసారికి 0.5 మించకుండా. అంటే 20 కిలోల బిడ్డకు 0.2 మిల్లీలీటరు. అయిదు నిమిషాల్లో తేరుకోకపోతే ఇంకో మోతాదు. తేరుకున్నా సరే ఆస్పత్రికి పోవాల్సిందే, ఎందుకంటే కొన్ని గంటల తర్వాత మళ్లీ తిరగబెట్టొచ్చు. బిడ్డను లేపి నడిపించకూడదు. పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టాలి. ఊపిరాడకపోతే కాళ్లు చాపి కూచోబెట్టాలి. వాంతి అవుతుంటే పక్కకు తిప్పాలి. ఒక్కసారిగా లేపి నిలబెడితేనే గుండె ఆగిన సందర్భాలున్నాయి.

మరి మన దగ్గర జరుగుతున్నదేంటి? ఏవిల్ బిళ్ల ఇస్తారు. లేదంటే ఆర్‌ఎంపీని పిలుస్తారు, ఆయన ఏవిల్, డెక్సా కలిపి సూది వేస్తాడు. దురదకు ఏవిల్ పనికొస్తుంది. మూసుకుపోతున్న గొంతును అది తెరవలేదు, పడిపోతున్న రక్తపోటును లేపలేదు. డెక్సా పని చేయడానికి గంటలు పడుతుంది. మొదట ఇవ్వాల్సింది అడ్రినలిన్, మిగతావన్నీ తర్వాత. ఈ ఒక్క ముక్క ప్రతి వార్డెన్‌కు, ప్రతి టీచర్‌కు, ప్రతి ఆర్‌ఎంపీకి తెలిస్తే చాలు, కొన్ని ప్రాణాలు నిలబడతాయి.

వేరే దేశాల్లో ఏం చేశారు? కెనడాలోని ఒంటారియోలో 2003లో సబ్రీనా అనే 13 ఏళ్ల పిల్ల స్కూలు క్యాంటీన్‌లో తిన్న తిండి పడక చనిపోయింది. తల్లిదండ్రులు ఊరుకోలేదు. 2005లో ఆ పిల్ల పేరుతోనే చట్టం వచ్చింది, 2006 జనవరి 1 నుంచి అమలైంది. పిల్లల వివరాలు రాసిపెట్టుకోవడం, సిబ్బందికి క్రమం తప్పకుండా శిక్షణ ఇవ్వడం స్కూళ్ల బాధ్యత అయింది. అమెరికాలో స్కూళ్లలో ఈ మందు నిలవ పెట్టుకునే రాష్ట్రాలను ప్రోత్సహిస్తూ 2013 నవంబరులో కేంద్ర చట్టం చేశారు. బ్రిటన్‌లో 2017 అక్టోబరు 1 నుంచి డాక్టరు చీటీ లేకుండానే స్కూళ్లు ఈ మందును కొని పెట్టుకునే వీలు కల్పించారు. ఆ దేశాల్లో వాడేది పెన్నులాగా తొడకు గుచ్చే తయారు సూది. అమెరికాలో 2016 నాటికి అలాంటి రెండు పెన్నుల పెట్టె ధరను కంపెనీ 600 డాలర్లకు పెంచితే అక్కడి జనమే తిరగబడ్డారు. మన ఊళ్ల మందుల షాపుల్లో ఆ పెన్ను కనపడదు. కనపడలేదని చేతులు ముడుచుకోవాల్సిన పనిలేదు. పెన్నులో ఉన్నదీ ఆంప్యూల్‌లో ఉన్నదీ ఒకటే మందు. కావాల్సింది ఒక మిల్లీలీటరు సిరంజి, తగిన సూది, నేర్చుకున్న చెయ్యి.

'డాక్టర్ కానివాళ్లు సూది ఎట్లా వేస్తారు?' అని అడుగుతారు. జవాబు సర్కారు దగ్గరే ఉంది. టీకాల కార్యక్రమంలో ఏఎన్‌ఎమ్‌ల దగ్గర అనఫిలాక్సిస్ కిట్ ఉంటుంది. టీకా పడక బిడ్డకు ప్రాణం మీదికొస్తే డాక్టరు వచ్చేలోగా ఒక మోతాదు అడ్రినలిన్ ఇచ్చే అధికారం ఏఎన్‌ఎమ్‌కు కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలే ఇచ్చాయి. వయసును బట్టి ఎంత ఇవ్వాలో పట్టిక కూడా ఇచ్చారు. ఆ ఏఎన్‌ఎమ్‌లలో ఎంతోమంది మన అక్కలే, మన చెల్లెళ్లే. టీకాల రోజు అంగన్‌వాడీలో చేయగలిగిన పని, రోజూ వందలమంది పిల్లలు తినే, పడుకునే హాస్టల్‌లో ఎందుకు చేయకూడదు? గురుకులాల్లో స్టాఫ్‌నర్సు పోస్టన్నా ఉంటుంది. చాలా హాస్టళ్లలో రాత్రిపూట ఉండేది వాచ్‌మన్, కామాటి. శిక్షణ వాళ్లదాకా పోకపోతే అది పగటిపూట శిక్షణ, కాగితం మీది శిక్షణ.

పథకాలకు కొదువ లేదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు స్కూళ్లకు వచ్చి పిల్లలను పరీక్షించాలి. వాళ్లు చూడాల్సిన జబ్బుల జాబితాలో ఆస్తమా ఉంది, తిండి అలర్జీ లేదు. జాబితాలో లేనిదాన్ని ఎవరూ లెక్కపెట్టరు. లెక్కలో లేనిదానికి బడ్జెట్ రాదు. 2020లో ఆయుష్మాన్ భారత్ కింద స్కూలుకు ఇద్దరు టీచర్లను ఆరోగ్య రాయబారులుగా పెట్టమన్నారు. పేరు ఘనంగానే ఉంది. ఆ ఇద్దరి చేతుల్లో ఒక్క ఆంప్యూల్ కూడా పెట్టకపోతే వాళ్లు ఏ రాయబారం నడపాలి, యముడితోనా? తెలంగాణలో 2024 డిసెంబరులో డైట్ చార్జీలు 40 శాతం పెంచారు. ఏళ్ల తరబడి అడిగితే వచ్చిన పెంపు అది. పళ్లెంలోకి తిండి పెరిగినప్పుడు ఆ తిండి ఎవరికి పడదో తెలుసుకునే బాధ్యత కూడా పెరగాలి.

హాస్టల్‌లో చేరేటప్పుడు కులం సర్టిఫికెట్ అడుగుతారు, ఆదాయం సర్టిఫికెట్ అడుగుతారు, జిరాక్సుల మీద జిరాక్సులు అడుగుతారు. తల్లిని ఎదురుగా కూచోబెట్టి 'అమ్మా, నీ బిడ్డకు ఏం పడదు?' అని అడిగి రాసుకునే ఆఫీసు అరుదు. ఆ ఒక్క ప్రశ్నకు పైసా ఖర్చు లేదు. ఎదుటి మనిషిని మనిషిగా చూడాలి, అంతే.

ఇక్కడే ఇంకో ప్రమాదం గురించి మన కార్యకర్తలను హెచ్చరిస్తున్నాం. అలర్జీ మాట ఎత్తగానే 'అయితే గుడ్డే తీసేద్దాం, మాంసమే ఆపేద్దాం' అనేవాళ్లు బయల్దేరుతారు. కర్ణాటకలో 2021 డిసెంబరులో బడిపిల్లలకు గుడ్డు పెట్టడం మొదలుపెడితే కొన్ని మఠాలు లేచి అడ్డుపడిన సంగతి మరిచిపోవద్దు. గుడ్డు, మాంసం మన బిడ్డల హక్కు. ఒక బిడ్డకు గుడ్డు పడకపోతే ఆ బిడ్డకు సమానమైన బలమిచ్చే ఇంకో తిండి పెట్టాలి. మిగతా తొంభై తొమ్మిది మంది పళ్లెంలో గుడ్డు గుడ్డుగానే ఉండాలి. జబ్బును సాకుగా పెట్టుకుని ఆచారాన్ని వంటగదిలోకి తెచ్చే ఎత్తుగడను ఒప్పుకునేది లేదు.

అట్లాగే ఏదన్నా జరిగితే ముందు వేటు పడేది వంటమనిషి మీద, కామాటి మీద. వాళ్లూ మన వాడల మనుషులే, ఔట్‌సోర్సింగ్ జీతాల మీద బతికేవాళ్లే. నేర్పించకుండా, మందు ఇవ్వకుండా, రాతపూర్వకంగా అధికారం ఇవ్వకుండా, తెల్లారి సస్పెన్షన్ కాగితం మాత్రం చేతిలో పెట్టడం అన్యాయం. భయపడే టీచర్లకు కూడా ఒక మాట. ఒప్పుకోలు అడిగే వీలులేని ఆపదలో, ఎదుటి మనిషి మేలుకోరి సద్బుద్ధితో చేసిన పనికి పాత ఐపీసీ 92వ సెక్షన్ రక్షణ ఇచ్చింది. 2024 జూలై 1 నుంచి అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో అది 30వ సెక్షన్. అయినా టీచర్లు సెక్షన్లు వెతుక్కునే గతి పట్టకూడదు. సర్కారే జీవో ఇచ్చి వాళ్ల వెనక నిలబడాలి.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలను మేము అడిగేది ఇది:

ఒకటి, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ హాస్టళ్లు, గురుకులాలు, ఆశ్రమ పాఠశాలలు, కస్తూర్బా విద్యాలయాలు అన్నిట్లో అడ్రినలిన్ కిట్ ఉండాలి. అది తాళం వేసిన బీరువాలో కాదు, అందరికీ తెలిసిన చోట ఉండాలి. గడువు తేదీ ప్రతి నెలా చూడాలి.

రెండు, వార్డెన్ నుంచి వాచ్‌మన్ దాకా ఏటా శిక్షణ ఇవ్వాలి. దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరే వచ్చి చేయించి చూపాలి. ఎవరు ఎంత మోతాదు ఇవ్వొచ్చో జీవోలో రాసి, గోడ మీద తెలుగులో అతికించాలి.

మూడు, చేరిన రోజే ప్రతి బిడ్డకు ఏది పడదో రాసుకోవాలి. ఆ జాబితా వంటగదిలో ఉండాలి. కానీ ఆ బిడ్డను వేరే పంక్తిలో కూచోబెట్టకూడదు. వేరే పంక్తులు మన తాతలు చూశారు, చాలు.

నాలుగు, పిల్లల ఆరోగ్య పరీక్షల జాబితాలో అలర్జీని చేర్చాలి.

సర్కారు కదిలేదాకా మనం కూచోవద్దు. పాఠకులకు, సంఘాల కార్యకర్తలకు మా మాట ఒక్కటే. వచ్చే పదిహేను రోజుల్లో మీ మండలంలోని హాస్టల్‌కు పోండి. 'అడ్రినలిన్ ఉందా? ఎవరికి వేయడం వచ్చు? రాత్రి ఎవరుంటారు?' అని ఈ మూడు ప్రశ్నలు అడగండి. జవాబు రాసి సంతకం తీసుకోండి. లేదంటే కలెక్టర్ గ్రీవెన్స్‌లో ఆ కాగితమే పెట్టండి. హాస్టల్ పిల్లలతోనూ మాట్లాడండి. పక్క మంచం మీది నేస్తం 'ఊపిరాడట్లేదు' అంటే నవ్వొద్దని, పరుగెత్తి పెద్దవాళ్లను లేపాలని చెప్పండి.

హాస్టల్ మన బిడ్డలకు సర్కారు వేసిన భిక్ష కాదు. కొట్లాడి సాధించుకున్న చోటు అది. చదువుకోను పంపిన బిడ్డ చదువుతో తిరిగి రావాలి. ఒక ఆంప్యూల్ లేక, ఒక మనిషికి నేర్పక ఆ బిడ్డ తిరిగి రాకపోతే దాన్ని విధి అనం, నిర్లక్ష్యం అని కూడా సరిపెట్టుకోం. ఎవరి బిడ్డలని నిర్లక్ష్యం చేశారో అడుగుతాం.

జై భీం!