కుడితినీటి పయనము

బియ్యము కడిగిన నీటిని మన పెద్దలు పారబోసినవారు కారు. ఆ కడుగునీరును, గంజియు, కూరల తొక్కులును కుడితిగోలెములో చేరెడివి. గోలెములోనిది గేదెకు, గేదె పేడ పెంటకు, పెంట వేసవిలో పొలమునకు. ఇప్పుడు ఏలూరిలో మేడమీద కాపురమున్న సోదరికి గేదె యెక్కడిది? నీరు తూములో పడి పోవును. కంటికి కానరాదు గనుక దాని కథ అంతటితో ముగిసినదనుకొందుము. ఆ నీటితోకూడ భాస్వరము పోవుచున్నదని చెప్పుటకే ఈ నెల ఈ మాట యెత్తుకొంటిమి.

భాస్వరమనగా వెలుగునది యని అర్థము. 1669లో హాంబర్గు నగరమున హెన్నిగ్ బ్రాండ్ అను రసవాది బంగారమును వెదకుచు, మూత్రమును కాచి కాచి, చీకటిలో మెరయు ఈ పదార్థమును కనుగొనెను. మన యెముకలకును దంతములకును బలమిచ్చునది యిదియే. ఇది లేనిదే వరికంకి గింజ పట్టదు. నత్రజని గాలినుండి మరల నేలకు రాగలదు. భాస్వరమునకు అట్టి దారి లేదు. గింజతో పొలము దాటిన భాస్వరమును మనమే తిరిగి కొనిపోయి వేయవలెను, లేదా క్రొత్తది కొనవలెను.

కొనుచునే యున్నాము. మొరాకో, జోర్డాను దేశముల గనులలో త్రవ్విన రాయి ఓడలలో వచ్చి, ఎరువుగా మారి, డి.ఏ.పి. బస్తాలై మన రైతుల గుమ్మములకు చేరుచున్నది.

ఇక లెక్క చూతము. బడిపంతులుగారి యింట కాపురము చేయువారికి లెక్కలు తప్పవు గదా! మనిషి యొక్కొక్కరినుండి దినమునకు సుమారు 1 గ్రాము భాస్వరము వెలికి పోవును. అందు సగమునకు మించినది మూత్రములోనే. 2011 జనాభా లెక్కలలో ఏలూరి జనము 2 లక్షలు దాటినది. అనగా దినమునకు దాదాపు 200 కిలోలు. 50 కిలోల డి.ఏ.పి. బస్తాలో అసలు భాస్వరము 10 కిలోలే. కావున ఏలూరు దినదినము 20 బస్తాల యెరువును విడుచుచున్నదన్నమాట. అందు కొంత మరుగుదొడ్ల గోతులలో నిలుచును. మిగిలినది మురుగుకాలువలవెంట, తమ్మిలేటివెంట కొల్లేటికి దిగును. బెజవాడ మురుగు బుడమేటివెంట వచ్చి అందే కలియును.

పూర్వము పట్టణముల పెంట తోటలకు పోయెడిది. దానిని మనుష్యులచే తలలపై మోయించిన దుర్నయమును 1993, 2013 సంవత్సరముల చట్టములు నిషేధించినవి. ఆ కాలము మరల రావలెనని మేము కలనైనను కోరము. అయితే మోయువారిని విడిపించుటతోపాటు పెంట పొలమునకు పోవు దారిని వేరుగా ఏర్పరచవలసియుండెను. ఆ పని మరచితిమి.

తవుటి కథ ఇంకను వింత. తాడేపల్లిగూడెపు మిల్లులలో బియ్యము తెల్లబడినకొలదియు గింజలోని భాస్వరములో పెద్దపాలు తవుటికి పోవును. మల్లెపూవువంటి యన్నము కోరువారము మనమే కదా! నూనె తీసిన ఆ తవుడు కొల్లేటి ప్రాంతపు చెరువులలో బొచ్చెలకును శీలావతులకును మేత యగును. చేప కొంత తినును. కొంత బురదలో కలియును. పిదప చేప మంచుపెట్టెలలో కలకత్తాకు పోవును. మొరాకో రాయిగా, గోదావరి వరిగా, కొల్లేటి చేపగా మూడు జన్మములెత్తిన భాస్వరము తుదకు వంగదేశపు చెత్తకుప్పలో ముల్లై పడియుండును.

కొల్లేరు లోతు తక్కువైన మంచినీటి సరస్సు. అందలి నీరు సముద్రమునకు పోవుటకు ఉప్పుటేరే దారి. అట్టి సరస్సులో భాస్వరము చేరిన నేమగునో 1973లో కెనడా శాస్త్రజ్ఞులు పరీక్షించిరి. ఒక చిన్న సరస్సును తెరతో రెండు పాళ్లు చేసి, రెంటను నత్రజనియు కర్బనమును వేసి, ఒకదానియందు మాత్రము భాస్వరమునుకూడ చేర్చిరి. ఆ పాలే నాచుతో పచ్చబడెను. కొల్లేట నాచుతోపాటు గుర్రపుడెక్కకూడ ఈ బలము తినియే పెరుగును. అవి చచ్చి క్రుళ్లునప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించును. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరచుట చూచిన చెరువుల కాపులకు ఇది మేము చెప్పనక్కరలేదు. 1999లో 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యమైనది. 2002లో రామ్‌సర్ పట్టికకెక్కినది. 2006లో అక్రమపు చెరువుల గట్లు తెంచిరి. ఇండ్ల తూములకు మాత్రము ఏ గట్టును అడ్డురాలేదు.

మేము చేయునది చెప్పెదము. కడుగునీరు మా కరివేప పాదునకే. కూరల తొక్కులు కుండలో మ్రగ్గి మూడు నెలలకు ఎరువగును. బట్టల పొడులు కొన్నిటిలో భాస్వర లవణముండును గనుక కొలత మించి వేయము. మించి వేసినంతమాత్రమున తెలుపు హెచ్చుటయు లేదు. ఇక మరుగుదొడ్డి గోయి తోడు బండి వచ్చినప్పుడు, తోడినది ఎచ్చట పోయుదురని సోదరీమణులు తప్పక అడుగవలెను. మొన్న మా వీధికి వచ్చినవానిని మేమడిగితిమి. “వంతెన దాటినాకండీ, అమ్మగారూ” అనెను. ఏ వంతెనయో చెప్పకుండగనే బండి కదలించెను.