లెక్క చెప్పని సైరా

‘సైరా నరసింహారెడ్డి’ (2019) మీద సణుగుడు ఎక్కువగా నిడివి గురించి, గ్రాఫిక్స్ గురించి, చిరంజీవి వయసు గురించి. అవన్నీ క్షమించేయొచ్చు. క్షమించలేనిది ఒకటుంది: ఈ సినిమాకి డబ్బు లెక్కలంటే చిన్నచూపు.

1800లో నిజాం సీడెడ్ జిల్లాలను కంపెనీకి రాసిచ్చాడు. మన్రో వచ్చి పాళెగాళ్ల కోరలు పీకాడు. అధికారం పోయి పింఛను మిగిలింది. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి దాకా వచ్చేసరికి అది నెలకి 11 రూపాయల చిల్లర. ఇంకోపక్క, ఊళ్లకి కాపలా కాసే కట్టుబడుల ఈనాం భూములు సర్కారు లాక్కుంటోంది. పింఛను తగాదా ఉన్న రెడ్డి, భూమి పోయిన కట్టుబడి ఒక్కటయ్యారు. 1846లో కోయిలకుంట్ల ఖజానా మీద పడ్డారు. ఖజానా మీదే ఎందుకు పడ్డారో వేరే చెప్పాలా?

సినిమాలో కరువుంది, శిస్తు అడిగే దొర ఉన్నాడు. కానీ గొడవంతా వాడి రాక్షసత్వం చుట్టూ తిరుగుతుంది. మరి మంచి దొర వచ్చుంటే? మన్రోని సీమ జనం మంచివాడనే తలుచుకున్నారు, పిల్లలకి ఆయన పేరు పెట్టుకున్నారు. పాళెగాళ్లని అణిచిందీ ఆయనే. ఈ చిక్కుముడి జోలికి సినిమా పోదు.

పైగా ‘తొలి’ స్వాతంత్ర్య వీరుడట. కట్టబొమ్మన్‌ని 1799లోనే ఉరితీశారు కదా! ఈ కథని ఝాన్సీరాణి నోట చెప్పించడం ఇంకో తంతు. కోయిలకుంట్ల గొడవకి ఝాన్సీ సిఫారసు కావాలా?

‘ప్యాటన్’ (1970) కూడా జెండా ముందే మొదలవుతుంది. అయినా అందులో హీరో ఆసుపత్రిలో, భయంతో కుంగిపోయిన సైనికుణ్ని చెంపదెబ్బ కొడతాడు. మనకి ఒళ్లు మండుతుంది, కానీ ఆ మనిషిని మరిచిపోలేం. మనవాళ్లు దెబ్బ దాకా వెళ్లక్కర్లేదు. పింఛను అడిగే వీరుణ్ని చూపిస్తే చాలు. అదీ చేతకాలేదు.

‘పింఛను గొడవంటే జనం చూస్తారా?’ అంటారు. భీమ్‌గల్ వచ్చి అడగండి. సినిమా రావడానికి ఆర్నెల్ల ముందు, 2019 ఏప్రిల్‌లో, ఈ ఊరున్న నిజామాబాద్ లోక్‌సభ స్థానంలో 185 మంది పోటీచేశారు. అందులో 170 మందికి పైగా రైతులు. పసుపుకి, ఎర్రజొన్నకి ధర కావాలి, పసుపు బోర్డు కావాలి అన్నారు. క్వింటాల్ ధర కోసం నామినేషన్ వేసిన జనానికి 11 రూపాయల కోపం అర్థం కాదా? నాకైతే, వాళ్లకి అర్థమైనంత బాగా ఈ సినిమా తీసినవాళ్లకి అర్థం కాలేదనే అనిపిస్తుంది.

1847 ఫిబ్రవరి 22న నరసింహారెడ్డిని ఉరితీశారు. తలని 1877 దాకా కోటకి వేలాడదీశారు. ఇంత చిన్న పద్దుకి అంత పెద్ద సర్కారు అంతగా ఎందుకు భయపడింది? మూడు గంటలకి దగ్గరైన సినిమా ఈ ఒక్క ప్రశ్న అడగకుండానే అయిపోయింది.