తలనొప్పికి ఫోన్లో పాఠాలు

పెళ్లిళ్ల సీజనొచ్చిందంటే కొందరికి గుండెల్లో రాయి పడుతుంది. లైట్ల వెలుగు, బాజాల మోత, సెంటు ఘాటు, వేళ తప్పిన భోజనం... ఇంటికొచ్చేసరికి తలలో ఒకపక్క సమ్మెటపోట్లు మొదలు. అదే పార్శ్వనొప్పి... డాక్టర్ల భాషలో మైగ్రేన్. మందు వేసుకోకపోతే నాలుగు గంటల నుంచి మూడు రోజుల దాకా వేధిస్తుంది. మగవాళ్లకన్నా ఆడవాళ్లకే ఎక్కువ.

‘తలనొప్పేగా, ఓ మాత్రేసుకో’ అంటారు ఇంట్లోవాళ్లు. చిక్కంతా అక్కడే! మామూలు నొప్పి మాత్రలైనా సరే, నెలకు 15 రోజుల చొప్పున మూడు నెలలు దాటి వాడితే అవే కొత్త తలనొప్పిని తెచ్చిపెడతాయి. కొన్నిరకాల మాత్రలకైతే 10 రోజులే హద్దు.

మరి దారేది? ఒంటికీ మనసుకూ కాస్త శిక్షణ. ఇదేం కొత్త కాదు. పిడికిలి, భుజాలు, దవడ, నుదురు... ఒక్కో కండరాన్నీ బిగించి నెమ్మదిగా వదిలే పద్ధతి గురించి ఎడ్మండ్ జేకబ్‌సన్ అనే అమెరికా వైద్యుడు 1929లోనే పుస్తకం రాశారు. ‘రేపు మళ్లీ వస్తుందేమో’ అన్న బెంగను అదుపు చేసుకోవడం నేర్పేది సీబీటీ. మైగ్రేన్ నివారణకు ఈ రెండూ పనికొస్తాయని అమెరికా తలనొప్పి నిపుణులు 2000లోనే చెప్పారు.

అయితే నేర్పేవాళ్లు అన్ని ఊళ్లలో దొరకరుగా! అందుకే పాఠాలు ఫోన్లోకి వచ్చాయి. న్యూయార్క్ యూనివర్సిటీ వైద్యులు 51 మందికి ఆప్ ద్వారా కండరాల సడలింపు నేర్పించి, 2019లో ఫలితాలు ప్రకటించారు. వారానికి కనీసం రెండుసార్లు సాధన చేసినవాళ్లకు నెలలో సగటున నాలుగు తలనొప్పి రోజులు తగ్గాయి. చిన్న అధ్యయనమే, అయినా ఆశ కలిగించేదే. 2025 ఏప్రిల్‌లో అమెరికా ఎఫ్‌డీఏ కూడా మైగ్రేన్ నివారణకు ఒక ఫోన్ చికిత్సను అనుమతించింది. అదీ డాక్టరు చీటీ మీదే, మందులకు తోడుగానే.

ఆప్ లేకపోయినా ఒక నోటుపుస్తకం చాలు. నొప్పి ఎప్పుడొచ్చింది, ముందురోజు ఎంతసేపు నిద్రపోయారు, ఏ పూట తిండి మానేశారు, ఎన్ని మాత్రలు వేసుకున్నారు... రాసిపెట్టుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి.

ఒక్కసారిగా పిడుగు పడ్డట్టు నొప్పి వచ్చినా, జ్వరంతో మెడ పట్టేసినా, చెయ్యీ కాలూ బలహీనపడినా, మాట తడబడినా మాత్రం పుస్తకం పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి.

మాత్రయితే మింగి ఊరుకోవచ్చు. ఈ సాధన రోజూ ఓ పావుగంట అడుగుతుంది. ఇంట్లో అమ్మకు ఆ పావుగంట దొరకాలంటే, టీవీ సౌండు ఎవరో ఒకరు తగ్గించాలి మరి!