మనసు మాట వినే ఫోను

మనసు బాగోలేదంటే మా కొయ్యూరు వైపు 'గాలి సోకిందేమో' అనేవాళ్లు ఇంకా ఉన్నారు. 1924లోనే జర్మనీ వైద్యుడు హాన్స్ బెర్గర్ మనిషి మెదడులోని విద్యుత్ తరంగాలను యంత్రంతో నమోదు చేశాడు. 1990లలో వచ్చిన ఎఫ్ఎంఆర్ఐ, ఆలోచించేటప్పుడు మెదడులో ఎటు రక్తం ఎక్కువ పారుతుందో చూపింది. కానీ మన దిగులు దేనికో ఏ స్కానింగూ చెప్పదు, మనమే నోరు విప్పాలి.

అలా చెప్పుకోవడానికే 2022 అక్టోబరు 10న కేంద్రం 'టెలి మానస్' మొదలుపెట్టింది. 14416కి చేస్తే రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడొచ్చు.

సరే, ఫోను ఆయన జేబులో ఉంటే? అత్తగారు పక్కనే కూర్చుంటే? సిగ్నల్ కోసం కొండెక్కాల్సిన గూడెమైతే? టవరు ప్రభుత్వం వేయించాలి. ఆడదానికి పది నిమిషాల ఏకాంతం మాత్రం ఇంట్లోవాళ్లే ఇవ్వాలి.