గుర్రాల లెక్క కాదు, రిపేరు లెక్క చూడండి

అమెరికాలో పాత డీజిలు పికప్పుల వీరాభిమానులు మన హీరోల అభిమాన సంఘాలకేమీ తీసిపోరు. ఎవరి ఇంజను ఎన్ని హార్స్‌పవరో చెప్పుకుని కొట్టుకుంటారు. శనివారం ట్రైలరు లాగి, సోమవారం అదే బండిలో ఆఫీసుకెళ్ళేవాడికి ఆ లెక్క దండగ అంటాను నేను. చూడాల్సింది ఒక్కటే: ముందు పోయేదేది, దాన్ని మార్చాలంటే ఎంత విప్పాలి?

2001-04 షెవ్రొలే డ్యూరామాక్స్ ఎల్‌బీ7నే తీసుకోండి. 300 హార్స్‌పవర్, వెనక ఆలిసన్ గేర్‌బాక్సు. లాగడానికి బ్రహ్మాండం. కానీ దాని జబ్బు ఇంజెక్టర్లు. అవేమో వాల్వ్ కవర్ల కింద! ఎనిమిదీ మార్చాలంటే విప్పడానికే బోలెడు కూలీ.

1998-2002 డాడ్జ్‌లో 24 వాల్వుల కమ్మిన్స్ ఉంది. లిఫ్ట్ పంపు నీరసించి డీజిలు సరిగా అందకపోతే ఖరీదైన వీపీ44 ఇంజెక్షన్ పంపునీ వెంట తీసుకుపోతుంది. ఫోర్డ్ 6.0 అంటారా? ఈజీఆర్ కూలర్, హెడ్ గాస్కెట్లు... దానికో దండం.

అంతకు ముందరి ఫోర్డ్ 7.3 పవర్‌స్ట్రోక్ చివరి ఏళ్ళలోనూ ఆటోమేటిక్‌తో 250 దగ్గరే ఆగింది. మోత కూడా ఎక్కువే. నడుస్తూ నడుస్తూ టక్కున ఆగిపోయే జబ్బూ ఉంది, క్యామ్‌షాఫ్ట్ సెన్సర్ వల్ల. అయితే అది చిన్న ముక్క. స్పేరొకటి బండిలో పడేసుకుంటే రోడ్డు పక్కనే మార్చుకోవచ్చు.

"మరి 12 వాల్వుల కమ్మిన్స్?" అంటారు, తెలుసు. ఇంజను గట్టిదే. దాని వెనక డాడ్జ్ పెట్టిన ఆటోమేటిక్ గేర్‌బాక్సు అంత గట్టిది కాదు మరి.

50 హార్స్‌పవర్ తగ్గితే ఘాటెక్కడం కాస్త ఆలస్యమవుతుంది, అంతే. ఇంజెక్టర్లు పోతే సోమవారం బండే కదలదు. ఏది నయమో మీరే చెప్పండి.